జబ్బ మీద రెండు పొక్కులు

మొగలిపేటలో దానమ్మ ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెయ్యి చాపి చూపించరు. గడ్డం ఎత్తి సరుగుడు తోట వైపు సైగ చేసి ఊరుకుంటారు. నరసన్నపేట నుంచి తూర్పుగా నడిస్తే, వరిచేలు అయిపోయి ఇసక మొదలయ్యాక, మొగలి పొదల మధ్య ఒక బండిదారి ఉంది. ఆ దారి చివర, సముద్రం మీద బతికే ఊరది. దానమ్మ పాక ఆ ఊళ్ళో ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. ఊళ్ళో పిల్లల ఏడుపు ఆమెకి గాలివాటం బాగుంటేనే వినపడుతుంది. అలల మోత మాత్రం ఎప్పుడూ వినపడుతూనే ఉంటుంది.

ఆమెని ఎవరూ వెలివెయ్యలేదు. ఆమె మీద ఎవరికీ కోపం లేదు. అయినా పెళ్ళికి పిలవరు, బారసాలకి పిలవరు. కొత్త వల నీళ్ళలోకి దించే రోజున ఆమె ఎదురైతే పడవ కాసేపు ఆపి, ఆమె దాటిపోయాక తోస్తారు. పిలిచేది ఒక్క పనికే. ఇంట్లో అమ్మోరు పోసినప్పుడు.

పెద్దమ్మవారిని, అంటే మశూచిని, ఆ తీరంలో రోగమనరు. ఒళ్ళంతా పొక్కులు లేచి మనిషి నిప్పులా కాలిపోతున్నా, ఇంటికి చుట్టం వచ్చినట్టే మాట్లాడతారు. ఇచ్ఛాపురం దాటి ఒరియా ఊళ్ళలోకి పోతే ఆవిడ ఠాకురాణి. ఇంకా పైకి, గంగ ఒడ్డున, శీతలమ్మ. గాడిదనెక్కి చీపురు పట్టుకుని తిరుగుతుందట. ఎక్కడికి వెళ్ళినా ఆవిడకి పేర్లు మారాయి గానీ మర్యాదలు పెద్దగా మారలేదు. మొగలిపేటలో అయితే గుమ్మానికి వేపమండలు కట్టాలి. తాలింపు వాసన రాకూడదు. తల దువ్వకూడదు, గట్టిగా తిట్టుకోకూడదు, మగవాడు ఇంట్లో పడుకోకూడదు. వచ్చినవాళ్ళు వెళ్ళేటప్పుడు 'ఎల్లొస్తాను' అనకూడదు, ఇంటివాళ్ళు 'మళ్ళీ రా' అనకూడదు. ఆ మాట అమ్మోరు విన్నదంటే తననే పిలిచారనుకుంటుంది.

దానమ్మకి పెళ్ళయి, చంకన పిల్ల ఉన్న రోజుల్లో అమ్మోరు ఆమె ఇంటికి వచ్చింది. మొగుణ్ణీ పిల్లనీ తీసుకుపోయి ఈమెని మాత్రం వదిలేసింది. మొహం నిండా గుంటలు మిగిలాయి, ఎడమ కంట్లో పువ్వేసింది. ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ రాదని ఊరికి తెలుసు. అందుకే ఆ తర్వాత ఎవరింట అమ్మోరు పోసినా ఆమెకి కబురు వచ్చేది. ఆమె వెళ్ళి తలుపు మూసుకుని కూర్చునేది. వేపరెమ్మతో ఒళ్ళు నిమిరేది, కొబ్బరినీళ్ళు పట్టేది, పక్కగుడ్డ మార్చేది. బతికినవాళ్ళని పొక్కులు మాడాక తలకి నీళ్ళు పోసి లేపేది, బతకనివాళ్ళని కడిగి ఇచ్చేది. పని అయ్యాక ఏమీ అనకుండా లేచి వచ్చేసేది. ఇంటివాళ్ళూ ఏమీ అనేవారు కాదు. ఒక జీవితకాలం అలా మాట లేకుండా గుమ్మాలు దాటిన మనిషికి మాటలు ఎక్కడ పేరుకుంటాయో చెప్పడం కష్టం.

ఆ ఏడాది చాలాకాలంగా కబురు రాలేదు. అది మంచిదే, లోకానికి మంచిదే. దానమ్మ పుల్లలు ఏరుకుంది, ఎండుచేపలు తిరగేసింది, పొద్దుగుంకితే పొయ్యితో మాట్లాడింది. చలి తగ్గి మామిడి పూత రాలే వేళకి ఊళ్ళోంచి గున్నమ్మ వచ్చి, పాకకి దూరంగా నిలబడి పిలిచింది.

"దానమ్మా, మా ఇంట అమ్మోరు దిగింది. గుంటడి మీదకొచ్చింది. రా."

గుంటడంటే గున్నమ్మ కోడలు మరిడమ్మ తొలి కాన్పు పిల్లడు, ఇంకా కూర్చోవడం రాని పసివాడు. దానమ్మ వేపరెమ్మ విరుచుకుని వెనకాలే నడిచింది. గుమ్మం అప్పటికే మండలతో నిండిపోయింది. గున్నమ్మ కొడుకు నూకయ్య చాప చంకన పెట్టుకుని పడవల దగ్గర పడుకోడానికి పోతున్నాడు. లోపల మరిడమ్మ విరబోసిన జుట్టుతో గోడకి ఆనుకుని ఉంది.

"పెద్దమ్మా, నాదే తప్పు," అంది మరిడమ్మ. "ఎండుసేపలు అమ్మడానికి నరసన్నపేట సంతకెల్లినాను. అక్కడ టీకాలోళ్ళు గుంటణ్ణి లాక్కుని జబ్బ మీద పొడిసేసినారు. వారం తిరక్కుండా ఒళ్ళు కాలిపోయింది."

"ఆడు సూదితోటి పిలిసినాడు, అమ్మోరు వొచ్చేసినాది," అంది గున్నమ్మ. "పిలవడానికైనా ఒక పద్దతుండాల కదా. సంతలో, ఎండుసేపల బుట్టల మద్దిన పిలుత్తారా."

దానమ్మ పిల్లవాణ్ణి ఒళ్ళోకి తీసుకుని గుడ్డ తొలగించింది. జబ్బ మీద రెండు పొక్కులు, వరసగా, ముత్యాల్లా. చుట్టూ ఎర్రగా ఉంది. మొహం మీద ఒక్కటి లేదు, అరచేతుల్లో లేదు, అరికాళ్ళలో లేదు. ఒళ్ళు వెచ్చగా ఉంది గాని పాలు తాగుతున్నాడు.

చూసీ చూడగానే ఆమెకి తెలిసిపోయింది. మొగుడు పోయిన కొత్తలో ఆమె నెల్లిమర్లలో, జూటు మిల్లులో పనిచేసే అన్న పంచన కొన్నాళ్ళు ఉంది. అక్కడ కూలీల వాడంతటికీ టీకాలు వేశారు. ఇవే పొక్కులు, ఇలాగే లేచి, చీము పట్టి, చెక్కు కట్టి రాలిపోయి, జబ్బ మీద పైసంత మచ్చ వదిలాయి. అమ్మోరు రాలేదు సరికదా, ఆ తర్వాత పక్క పేటలో పోసినప్పుడు కూడా ఆ వాడ తొక్కలేదు.

చెప్పాలని నోరు తెరిచింది. అప్పుడు పిల్లవాడు ఆమె వేలు పట్టుకున్నాడు.

పసివాళ్ళ పట్టు తెలిసినవాళ్ళకి ఇంకేమీ చెప్పనక్కర్లేదు. అది పట్టు కాదు, మరిచిపోవడం. ఏది దొరికితే దాని మీద గుప్పిట మూసి వదలడం మరిచిపోతారు. దానమ్మ నోరు మూసుకుంది. ఇది అమ్మోరు కాదంటే ఈ పూటే ఆమె తిరిగి పాకకి పోవాలి. అంటే పొయ్యి, సముద్రం. ఊరుకుంటే పొక్కులు రాలేదాకా ఈ ఒళ్ళో ఈ బరువు ఉంటుంది. పిల్లడికా, హాని ఏమీ లేదు. ఎవరికి నష్టం?

"ఏటి, ఎలాగుంది?" అంది గున్నమ్మ.

"సూద్దారి," అంది దానమ్మ.

అవి ఆమె బతుకులో మంచి రోజులు. పిల్లవాడు ఆమె మొహం గుంటల్లో వేళ్ళు పెట్టి ఆడుకున్నాడు. మరిడమ్మ అలిసి నిద్రపోతే వాడు ఈమె ఊపుకే ఊరుకునేవాడు. చప్పిడి కూడు ముగ్గురూ ఒకే కంచం చుట్టూ కూర్చుని తిన్నారు. "పెద్దమ్మా, నీ పిల్ల పేరేటి?" అని మరిడమ్మ అడిగింది. ఆ ప్రశ్న ఎవరూ అడగక చాలా ఏళ్ళయింది. చెప్పడానికి దానమ్మ కొంచెం ఆలోచించాల్సి వచ్చింది. జగ్గమ్మ, అని చెప్పి, చెప్పాక మళ్ళీ ఒకసారి తనలో తనే అనుకుంది.

ఒకనాడు మధ్యాహ్నం, ఊరిపెద్ద దాలయ్య కంచె అవతల నిలబడి గున్నమ్మతో మాట్లాడుతున్నాడు. అమ్మోరున్న ఇల్లు కాబట్టి కంచె దాటడు. మాటలు మాత్రం లోపలికి వచ్చాయి.

"రేపు టీకాలాయన మనూరికీ వస్తాడట, గున్నమ్మా. గజపతినగరం కుర్రోడట. నీ మనవణ్ణి సూసినాక ఎవులు పొడిపించుకుంతారు? పిల్లలున్నోలందర్నీ తెల్లారీతలికి తోటలోకి పొమ్మన్నాను."

"మంచి పని సేసినావు, బావ."

"ఉత్తరానున్న ఊళ్ళో నిజంగానే పోసేసినాదట. ముగ్గురు నలుగురు గుంటల్ని ఇసకలో ఎట్టేసినారట."

"అక్కడా సూదే ఎట్టుంతారు," అంది గున్నమ్మ.

"నేదు నేదు. అక్కడికింకా ఎవులూ ఎల్లనేదట."

గున్నమ్మ ఆ మాట విన్నదో లేదో. దానమ్మ విన్నది. ఉత్తరం గాలి వీస్తే ఆ ఊరి పొగ ఇక్కడికి వస్తుంది. అంత దగ్గర. రేపు పిల్లలంతా తోటలో దాక్కుంటే టీకాలాయన ఖాళీ ఇళ్ళు చూసి సైకిలెక్కి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత ఒక్కో గుమ్మానికీ మండలు కడతారు. ఒక్కో ఇంటి నుంచీ తనకి కబురు వస్తుంది. ప్రతి ఇంట్లో ఒక ఒడి, ఒక బరువు, చివరికి కడిగి ఇవ్వడం.

ఎవరికి నష్టమని తను అనుకున్న మాట ఆమెకి గుర్తొచ్చింది. పిల్లవాడి వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి, తల్లి ఒళ్ళో పెట్టింది.

"గున్నమ్మా, ఇలా రా. ఇది అమ్మోరు కాదు."

"నెమ్మదిగా అను. అమ్మోరు ఇంతాది."

"ఇంతే ఇననీ. అమ్మోరొస్తే మొకం మీద కూకుంతాది గాని, ఇలాగ ఒక్క జబ్బ మీద వరస కట్టి కూకుంతాదా? ఇది టీకా పొక్కు. నెల్లిమర్లలో బోలెడు సూసినాను. ఇది లేసినోడికి అమ్మోరు రాదు."

గున్నమ్మ కాసేపు పిల్లవాడి జబ్బ వంకా, దానమ్మ పువ్వుకన్ను వంకా మార్చి మార్చి చూసింది.

"ఎప్పుడు తెలిసినాది నీకు?"

"వొచ్చిన రోజే."

"మరి సెప్పలేదేటి?"

"సెప్తే పొమ్మందువు."

గున్నమ్మ దగ్గర తిట్లున్నాయి గానీ తిట్టకుండా ఉండడం అప్పటికి అలవాటైపోయింది. చివరికి అంది: "నా కొడుకు ఇసకలో తొంగుంతన్నాడు. ఇన్నాళ్ళూ గడ్డిలాంటి కూడు తినిపించినావు నాకు."

లేచి పొయ్యి దగ్గరికి పోయి మూకుడు పెట్టింది. నూనె పోసి, కాగాక ఎండుమిరపకాయలూ వెల్లుల్లీ వేసింది.

మూకుడు చప్పుడుకి ఊరు తిరగలేదు గాని ఆ వాసనకి తిరిగింది. అమ్మోరున్న ఇంట్లో తాలింపా అని దాలయ్యే ముందు పరిగెత్తుకొచ్చాడు. "గున్నమ్మకి మతిపోయినాదర్రా," అంటూ వెనకాల ఆడవాళ్ళొచ్చారు. గున్నమ్మ మనవణ్ణి చంకనేసుకుని, గుమ్మానికున్న మండలు పీకి బయట పారేసి, దగ్గుతూనే అందరికీ ఆ జబ్బ చూపించింది. "సూడండి. ఇంతేనట. దానమ్మ సెప్పింది," అంది. ఎందరిళ్ళలోనో కూర్చున్న మనిషి చెప్పింది కాబట్టి నమ్మారు. ఒకరిద్దరు నమ్మలేదు, వాళ్ళు కూడా వాసన పీల్చి, ఇంటిమీద ఏమీ విరుచుకుపడకపోవడం చూసి వెళ్ళారు.

ఆ గందరగోళంలో దానమ్మ గుమ్మం దాటింది. ఇది అమ్మోరున్న ఇల్లు కాదు కదా అని తోచి, వెనక్కి తిరిగి "ఎల్లొస్తానే" అంది. జనం మాట్లాడుతున్నారు, పిల్లడు ఏడుస్తున్నాడు. ఎవరికీ వినపడలేదు.

మర్నాడు టీకాలాయన వచ్చాడు. పేరు నరసింగరావు. సైకిలుకి మందు పెట్టె కట్టుకున్న సన్నటి కుర్రాడు. ఎక్కడికెళ్ళినా తలుపులు మూసుకోవడమే చూసినవాడు కాబట్టి, వరసలో నిలబడ్డ ఊరిని చూసి కాసేపు అనుమానపడ్డాడు. పళ్ళున్న చిన్న చక్రం లాంటి పనిముట్టు ఒకటి జబ్బ మీద నొక్కి తిప్పుతుంటే పిల్లలు ఆరున్నొక్క రాగం అందుకున్నారు. పెద్దవాళ్ళు ఏడుపు మింగి ఒకళ్ళనొకళ్ళు వెక్కిరించుకున్నారు.

"గోకొద్దు, పసుపు రాయొద్దు," అని ఒక్కొక్కరికీ చెబుతున్నాడు. "వచ్చే వారం మళ్ళీ వస్తాను. వేయించుకున్న ప్రతి ఇంటికీ వచ్చి పట్టిందో లేదో చూస్తాను."

అందరూ అయ్యాక వరస చివర దానమ్మ చెయ్యి చాపి నిలబడి ఉంది.

"నీకెందుకమ్మా? నీ మొహమే సర్టిఫికెట్టు," అన్నాడు. జనం నవ్వారు. ఆమె కూడా నవ్వింది గాని చెయ్యి దించలేదు. అతను ఆ చెయ్యి పట్టుకుని, తుడిచి, చక్రం తిప్పాడు.

వారం తిరిగాక అతను వచ్చాడు. ఊళ్ళో పొక్కులు లేచిన జబ్బలు చూసుకుంటూ చివరికి సరుగుడు తోట దాటి దానమ్మ పాకకి చేరేసరికి పొద్దు వాలుతోంది. వాకిలి అలికి ఉంది. చాప పరిచి ఉంది. ఆమె జబ్బ మీద చిన్న గీత తప్ప ఏమీ లేదు.

"నీకు పట్టలేదమ్మా."

"పట్టదని తెలుసు, బాబూ."

"మరెందుకు వేయించుకున్నావు?"

"ఏయించుకున్నోలింటికి మళ్ళీ వస్తానన్నావు కదా," అంది దానమ్మ.

నరసింగరావు సైకిలు స్టాండు వేశాడు. చాప మీద కూర్చున్నాడు. ఆమె ఇచ్చిన తాటిబెల్లం ముక్క తిని, చెంబెడు నీళ్ళు తాగాడు. సొంతూళ్ళో తల్లి ఉందా అంటే ఉందన్నాడు. పెళ్ళయిందా అంటే లేదన్నాడు. ఇంకా చూడాల్సిన ఊరు ఒకటి మిగిలి ఉంది, ఉత్తరానున్నది. లేచి, సైకిలు తిప్పి, ఎక్కడైనా అనేదే అన్నాడు.

"వెళ్ళొస్తానమ్మా."

దానమ్మ వాకిట్లో నిలబడింది. బదులు చెప్పాలని తెలుసు, మాట వెంటనే రాలేదు. "మళ్ళీ రా," అనేసరికి సైకిలు మొగలి పొదల మలుపు తిరిగిపోయింది.