గుడ్లగూబ కాదు, మ

రెండేళ్ల కిందట, జనవరి నెల రెండో శుక్రవారం, పొద్దున పదిన్నర. వేళ ఇంత కచ్చితంగా ఎందుకు గుర్తుందంటే, నీళ్ల ట్యాంకర్ పదింటికి వచ్చి పైనున్న ట్యాంకు నింపి అప్పుడే వెళ్లిపోయింది. గేటు వేసి, రెయిలింగ్ పట్టుకుని రెండో అంతస్తుకు ఎక్కాను. లిఫ్టు ఉంది గాని ఆ రోజు పని చేయలేదు. నా మోకాళ్లూ అంతంతమాత్రమే.

అరబ్బు దేశంలో, వాడీ కబీర్ అనే పేటలో ఆ బిల్డింగుకు నేను వాచ్‌మన్‌ని. అంతకుముందు చాలా ఏళ్లు ఇదే దేశంలో మేస్త్రీ పని చేశాను. గోడలు కట్టే సత్తువ పోయాక కంపెనీ నన్ను గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టింది. మాది జగిత్యాల దగ్గర పల్లె. బడి మొహం చూడలేదు. అందుకు ఎవరి మీదా ఏడవను. వేలిముద్ర వేసే విమానం ఎక్కాను. హిందీ, అరబ్బీ చెవితోనే వచ్చాయి. అక్షరం లేదని ఆగిపోయిన పని ఒక్కటీ లేదు, మా ఆవిడ గొంతు పోయేదాకా.

ఆమెకు గొంతులో పుండు లేచింది. హైదరాబాదులో ఆపరేషన్ చేసి మాట పుట్టే చోటే తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. మహిళా సంఘంలో ఉన్నప్పుడు నాలుగక్షరాలు నేర్చుకుంది కాబట్టి అప్పటినుంచి ఫోన్లో రాసి పంపుతోంది. నాకు చదవడం రాదు. రూమ్‌లో నిర్మల్ వైపు కుర్రవాడొకడు ఉంటాడు, పెళ్లయి పిల్లలున్నవాడే. వాడు చదివి పెట్టేవాడు. చుట్టూ మంచాల మీద నలుగురు వింటుండగా, నా పెళ్లాం నాతో అనాలనుకున్న మాట వాడి నోట్లోంచి వచ్చేది. పైగా ఫోన్ నిండా రాత ఉంటే వాడు చెప్పేది నాలుగు ముక్కలే. అంతేనా అని అడిగితే, "గంతే పెద్దబాపూ, తిన్నవా అంటుంది" అని మొహం తిప్పుకునేవాడు. ఇంకొకడు ఫోనే చదివేలా ఏదో నొక్కి పెట్టాడు. టీవీలో వార్తలు చదివే అమ్మాయి గొంతు వచ్చింది. మా మాటలను అన్నంలో రాళ్లు ఏరినట్టు ఏరి ఏరి పలికింది. వద్దు, ఆపమన్నాను.

నేను ఫోన్ చేయడం కూడా మానేశాను. తిరిగి మాట్లాడలేని మనిషికి ఫోన్ చేసి ఏడిపించడం దేనికి అనుకున్నాను. ఇక మిగిలింది రాత ఒక్కటే. దాన్ని నేనే చదువుకోవాలి. నేను అక్షరాలకు పూనుకోవడానికి ఇంతకు మించిన గొప్ప కారణం లేదు.

రెండో అంతస్తులో ఒక టీచరమ్మ ఉండేది. గుంటూరు వాళ్లు. ఇండియన్ స్కూల్లో పెద్ద తరగతులకు చరిత్ర చెప్పేది. ఇక్కడ సెలవు రోజైన శుక్రవారాలు మూడో అంతస్తు అక్కచెల్లెళ్లిద్దరికి తెలుగు నేర్పేది. నన్నూ కూర్చోనిస్తుందా అని అడిగితే, రండి బాబాయ్ అంది. అలా ఎండలు పోయి చలి వచ్చేదాకా కూర్చున్నాను. చదవడం మాత్రం రాలేదు.

ఎందుకు రాలేదో చెప్తాను. గోడకు బొమ్మల చార్టు ఉండేది. అ పక్కన అమ్మ, ఆ పక్కన ఆవు, మ పక్కన మంచం, ల పక్కన లడ్డు. నా కన్ను అక్షరాన్ని వదిలేసి బొమ్మను పట్టుకుంది. అ కనబడితే అమ్మ అనేవాణ్ణి. టీచరమ్మ 'అల' అని రాసి చదవమంటే, "అమ్మ లడ్డు" అని చదివాను. పిల్లలిద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. చిన్నది, మూడో తరగతిది, "తాతా, నువ్వు ఏది చదివినా కథ అయిపోతుంది" అంది. నవ్వితే నవ్వారు, పిల్లలు. కాని ముసలి బుర్ర గడ్డకట్టిన సిమెంటు. నీళ్లు పోస్తే కరుగుతుందా? చాలిక అనిపించింది. ఆ శుక్రవారం మెట్లెక్కింది ఇక రానని చెప్పడానికే.

లోపల బల్ల మీద పెద్ద పుస్తకం తెరిచి ఉంది, నిండా గోడల మీద చెక్కిన బొమ్మలు. పెద్దమ్మాయికి స్కూల్లో ఈజిప్టు మీద ఏదో చేయమన్నారట. టీచరమ్మ అత్తగారు నాకు టీ ఇచ్చింది. ఇది అయ్యాక మన పాఠం చూద్దాం, కూర్చోండి అంది టీచరమ్మ. చెప్పాల్సింది చెప్పేసి లేచే ఓపిక కూడా లేక కూర్చుండిపోయాను.

ఈజిప్టు ఎక్కడుంది అని అడిగాను. పెద్దమ్మాయి, "మస్ర్ తాతా, మస్ర్. అరబిక్‌లో అట్లా అంటారు" అంది. మస్రీలు నాకు తెలియకపోవడమేమిటి? మా పాత సైట్ ఫోర్‌మన్ మస్రీయే. అన్నేళ్లు వాడి కింద పని చేసి కూడా, మస్ర్ వేరే దేశం, పిరమిడ్ల దేశం వేరే దేశం అనుకున్నాను. ఈ బొమ్మలు చెక్కింది వాడి తాతలేనా అని అడిగి, వాడికి తిన్నగా ఒక గీత గీయడం రాదని చెప్పాను. టీచరమ్మ కూడా నవ్వింది.

తర్వాత ఆమె పిల్లలకు చెప్పుకుపోతుంటే నేనూ విన్నాను. ఆ బొమ్మలే వాళ్ల రాతట. అది చదవగలిగినవాళ్లు ఒక్కొక్కరే చచ్చిపోయాక, వెయ్యేళ్లకు పైగా ఆ గోడల మీది రాత ఎవరికీ అర్థం కాలేదట. తర్వాత యూరప్ పండితులు పట్టుకున్నారు. గద్ద, పాము, సింహం, కన్ను, ఇలా బొమ్మలుంటే ప్రతి బొమ్మలోనూ ఏదో పెద్ద రహస్యం ఉందనుకున్నారు. ఒక మహాపండితుడైతే ఒక రాజు పేరు చూసి, దాన్ని దేవుళ్ల మీద స్తోత్రమనుకుని బారెడు అర్థం రాశాడట. అక్కడున్నది ఉత్త పేరు. కొన్ని బొమ్మలు శబ్దాలేనని అరబ్బు పండితులు కొందరు అంతకు చాలా ముందే అన్నారట గాని, యూరప్‌లో వాళ్ల మాట విన్నవాళ్లు తక్కువ.

చివరికి ఒకే సంగతిని మూడు రకాల రాతల్లో చెక్కిన రాయి ఒకటి దొరికింది. అందులో ఒకటి గ్రీకు, దాన్ని చదవగలరు. రాజుల పేర్ల చుట్టూ కోడిగుడ్డులా గీత గీసి ఉంటుంది కాబట్టి, పేర్లను పట్టుకుని ఒక ఇంగ్లీషు డాక్టరు కొన్ని శబ్దాలు లాగాడు. పరాయి రాజుల పేర్లకే ఈ పద్ధతి అనుకుని ఆయన అక్కడే ఆగాడు. ఆగనివాడు ఒక ఫ్రెంచి ఆయన. ఈజిప్టు చర్చిల్లో ఇంకా ప్రార్థనలకు వాడే పాత భాషను ఆయన చిన్నప్పుడే నేర్చుకున్నాడు. అందుకని బొమ్మల్లోంచి శబ్దం బయటికి రాగానే అది ఏ మాటో ఆయన చెవి పట్టేసింది. పరిగెత్తుకుంటూ అన్న దగ్గరికి వెళ్లి, దొరికింది అని చెప్పి స్పృహ తప్పి పడిపోయాడట.

టీచరమ్మ కాగితం మీద ఒక గుడ్లగూబను గీసింది. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను, శుక్రవారం పూట అదేం బొమ్మ అని. ఇదేమిటి బాబాయ్ అని అడిగింది. గుడ్లగూబ అన్నాను.

"అందరూ అక్కడే పొరబడ్డారు. చూడ్డానికి గుడ్లగూబే, బాబాయ్. నోటికి మాత్రం 'మ'. ఉత్త 'మ', అంతే."

చార్టు వైపు చూశాను. మ పక్కన మంచం. మరి ఆ మంచం కూడా ఉత్తదే కదా. అంత చదువుకున్నవాళ్లు వందల ఏళ్లు బొమ్మ దగ్గరే ఆగిపోయారంటే నా మీద నాకు కోపం కొంత తగ్గింది. సంతోషమని అనను. ఇన్ని రోజులూ మోసిన బరువు దేనికి మోశానా అని నీరసం వచ్చింది.

జేబులోంచి ఫోన్ తీశాను. ఆ పొద్దున వచ్చిన రాత అందులో ఉంది, రూమ్‌లో ఎవరికీ చూపలేదు. టీచరమ్మ అది చూసి, నేను చదవను బాబాయ్, మీ ఇంటి మాట మీరే చదువుకోండి అని వంటింట్లోకి వెళ్లిపోయింది. మొదటి అక్షరం మ. మంచాన్ని పక్కకు నెట్టాను. రెండోది ల, దాని కింద ఇంకేదో వేలాడుతోంది. పెద్దమ్మాయిని అదొక్కటే అడిగాను. "కింద ఇంకో ల, తాతా. గట్టిగా నొక్కి పలుకు" అంది.

మల్ల.

పుస్తకంలో అది 'మళ్ళీ'. పిల్లల పాఠంలో అలాగే ఉంది. మల్ల అనేది మా ఇంట్లో మాట. అది నోటికి రాగానే ఎవరి గొంతో తెలిసింది. ఆమె రాయలేదు, మాట్లాడింది. తాను ఎలా పలుకుతుందో అలాగే అక్షరాల్లో పెట్టింది. గుణింతాలు ఇన్ని శుక్రవారాలూ దిద్దినవే, అయినా మిగతాది చదవడానికి చాలాసేపు పట్టింది, టీ చల్లారిపోయింది. అందులో ఇలా ఉంది.

"మల్ల అడుగుతున్న. రమ్మంటలేను. ఊకె ఫోన్ జెయ్యి. నాకు మాట లేకున్న నీ గొంతు ఇనాలె."

మల్ల అందంటే ఇంతకుముందూ అడిగింది. ఎన్నిసార్లు అడిగిందో ఏమో. ఆ నిర్మల్ వైపు కుర్రవాణ్ణి తప్పుపట్టను. ఇంకొకడి పెళ్లాం ఇలాంటి మాట రాస్తే నలుగురిలో పైకి చదవడానికి వాడికి సిగ్గేసి ఉంటుంది.

చిన్నది నా మొహంలోకి తొంగి చూసి, "తాతా, నువ్వు కూడా ఆయనలా పడిపోతావా?" అని అడిగింది.

"కూసోనే ఉన్న కద బిడ్డా, యాడ పడుత?"

లేచే ఓపిక లేక ఆ కుర్చీలోంచే ఫోన్ చేశాను. ఎత్తింది. అవతల గాలి పీల్చే చప్పుడు తప్ప ఏమీ లేదు.

"నేనే. సదివిన. ఎవ్వలు సదివి పెట్టలే, నేనే సదివిన."

అటు గాలి ఒక్కసారి ఆగి, మళ్లీ వచ్చింది. ఆ తర్వాత నాకు తోచిందల్లా చెప్పాను. నీళ్ల ట్యాంకర్ వచ్చి పోయిందని, లిఫ్టు పాడైందని, రాత్రి కూరలో ఉప్పెక్కువైందని. అంతసేపు ఒక్కణ్ణే మాట్లాడటం అలవాటు లేక గొంతు ఎండిపోయింది. పెడుతున్నా అని చెప్పి పెట్టేశాను. వెంటనే ఇంకో రాత వచ్చింది. అప్పటికప్పుడు చదివే శక్తి లేదు. సాయంత్రం గేటు దగ్గర కూర్చుని చదువుకున్నాను. అందులో ఏముందో ఇక్కడ రాయను.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు: టీచరమ్మ, ఆమె అత్తగారు, మూడో అంతస్తు అక్కచెల్లెళ్లిద్దరు, నేను, ఫోన్ అవతల మా ఆవిడ. టీచరమ్మ భర్త కూడా ఇంట్లోనే ఉన్నాడు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పక్క గదిలో పడుకున్నాడు, ఇదేదీ వినలేదు.