కరెంటు లేనప్పుడు రికార్డయిన పాట

బైబిలు తెచ్చివ్వండి, చెయ్యి పెట్టి చెప్తాను... ఇది నా కళ్లతో చూసిందే. గిద్దలూరులో కంప్యూటర్లు బాగుచేసి బతుకుతున్నాను. దయ్యం అన్నవాణ్ణి ముందు ప్లగ్గు చూసుకోమనే రకం నేను.

మా మేనత్త సుగుణమ్మది రాచర్ల దగ్గర పల్లె. మామ దేవదానం చనిపోయి తొమ్మిదేళ్లు. క్రిస్మస్ ముందు రాత్రుళ్లు కంజీర కొడుతూ ఇంటింటికీ తిరిగి పాటలు పాడేవాడు. ఆయన గొంతు ఒకే ఒక్క పాత వీడియో క్యాసెట్టులో మిగిలింది. అది ఊళ్లో కేబుల్ టీవీ నడిపే ఆయన దగ్గరుంది. చేతికివ్వడు.

"లైను ఎత్తేస్తాండాం. శుక్రవారం రాత్రి ఎనిమిదికి చివరిసారి వేస్తా, రికార్డు చేసుకోండి" అన్నాడు.

"ఆ గొంతు ఒక్కసారి ఇనాలరా అబ్బయ్యా. నాకింకేం వద్దు" అంది అత్త.

మార్కాపురంలో పాత సామాన్ల దుకాణం నుంచి ఓ ఆఫీసు కంప్యూటరు తెచ్చాను. టీవీలో వచ్చేది రికార్డు చేసే ట్యూనర్ కార్డు గుచ్చి, వాడేసిన హార్డ్ డిస్కు బిగించి, అత్త టీవీకి కలిపాను. కరెంటు పోయినా కాసేపు నడిపించే యూపీఎస్ మాత్రం కొనలేదు. ఒక్క గంట కోసం ఎందుకులే అనుకున్నాను... నా పీనాసితనం తగలెయ్య!

మే నెల. ఎనిమిదికి ఇంకా మూడు నిమిషాలున్నాయి. టప్... కరెంటు పోయింది. ఊరంతా చీకటి. కంప్యూటరు ఫ్యాను తిరిగి తిరిగి... ఆగింది. అత్త చీకట్లోనే టీవీ వైపు చూస్తూ కూర్చుంది. తిట్టినా బాగుండేది.

ఫోను టార్చి వెలిగించి స్టూలు మీద పెట్టాను.

అప్పుడు... దూరంగా... ఝల్.

కంజీర. మళ్లీ... ఝల్, ఝల్. కుక్కలు మొరగడం ఆపేశాయి. ఒక్కో ఇంటి దగ్గరా ఆగుతూ... వస్తోంది. మా వాకిట్లో ఆగింది.

అత్త లేచింది. "పాటలోళ్లు వచ్చినారు. తలుపు తీయాల."

"మే నెల్లో పాటలోళ్లేందత్తా! కూర్చో!"

"వాకిట్లోకొచ్చినోళ్లను ఎవురని అడక్కూడదురా. దీపం పెట్టి తలుపు తీయాల. మీ మామ ఎప్పుడూ అట్లనే చెప్పేటోడు."

నేను గడియకు అడ్డంగా నిలబడ్డాను. దొంగలన్నాను, తాగుబోతులన్నాను, నోటికొచ్చిందల్లా అన్నాను. గడియ మీంచి చెయ్యి మాత్రం తీయలేదు. బయట చాలాసేపు ఏ చప్పుడూ లేదు... తర్వాత అడుగులు మెల్లగా వెళ్లిపోయాయి.

పదింటికి కరెంటు వచ్చింది. కేబులాయనకు ఫోన్ చేశాను.

"కరెంటే ల్యాకపోతే యాడ ఏసేది అన్నా? క్యాసెట్టు బయటికే తీయలే."

కంప్యూటరు ఆన్ చేశాను. ఫోల్డరులో ఓ ఫైలు ఉంది. ఎనిమిదికి మొదలైంది... పదకొండు నిమిషాలు.

తెరిచాను. ముందు అంతా చీకటి. కంజీర. తర్వాత మామ గొంతు... మాకు ఆ రాత్రి వినపడని పాట పాడుతోంది. బొమ్మ నెమ్మదిగా తేలింది. తలుపు... వాకిట్లోంచి చూసినట్టు, అత్త ఇంటి తలుపే. పోయిన నెల నేను దగ్గరుండి పెట్టించిన కొత్త ఇనుప తలుపు. సందులోంచి తెల్లటి వెలుగు... అది నా ఫోను టార్చి. పాట మధ్యలో, లోపల్నుంచి నా గొంతు, "కూర్చో!" అంటోంది.

పాట అయిపోయింది. తలుపు ఎవరూ తీయలేదు.

వైర్లన్నీ విప్పి చూశాను. డిస్కు మార్చి చూశాను. అదేందో ఇప్పటికీ నాకు తెలియదు.

అత్త ఆ ఫైలు రోజూ పెట్టించుకుంటుంది. పాటంతా కళ్లు మూసుకుని వింటుంది. చివర్లో నా వంక చూస్తుంది.

"అంతసేపు ఆయన్ని వాకిట్లో నిలబెడితిమి గదరా..."

రాత్రుళ్లు ఆమె ఇప్పుడు గడియ పెట్టుకోదు. పెట్టుకోమని నేనూ చెప్పను.