మిరపకాయ ఘాటులో వంగిన ప్లేటు

ఎనభైల మొదట్లో వరంగల్‌లో మా అక్క మొగుడూ నేనూ కలిసి ఒక వెల్డింగ్ షాపు నడిపేవాళ్లం. గ్యాస్ మంట నాది, సుత్తి బావది. ఎర్రగా కాలిస్తే తన మాట వినని ఇనుము ఉండదని ఆయనకు గట్టి నమ్మకం. నాకేమో ముక్కు మీద కోపం. ఆ షాపు ఎలా నడిచిందో ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఒకరోజు కంకర క్రషర్ సేటు రెండు ప్లేట్లు తెచ్చాడు. రాళ్లు జారే తొట్టి అడుగున వేసేవి, ఎంత రాపిడికీ అరగకుండా గట్టిపరిచిన ఉక్కు. ముందు ఒకటి వంచి ఇమ్మన్నాడు. బావ దాన్ని నిప్పులా కాల్చి చపాతీ మడిచినట్టు మడిచాడు. సేటు మురిసిపోయాడు. నెల తిరక్కుండానే వంపు దగ్గర అరిగి చిల్లు పడింది.

"ఏంది ఉస్తాద్ గిది?" అని సేటు గుడ్లురిమాడు.

"నీ ప్లేటే డూప్లికేట్ సేటూ," అన్నాడు బావ తడుముకోకుండా.

సేటు స్టేషన్ రోడ్డులో ఆ ప్లేటు అమ్మిన పెద్దాయనను తిట్టుకుంటూ లేచాడు. "రెండోది గూడ గిట్లనే అయితే నా పని హైదరాబాద్‌కు పోతది," అని మాకూ ఒకటి అంటించి వెళ్లాడు. అదే జరిగితే ఊళ్లో మా పేరు పోయినట్టే.

మిల్లులో ఫిట్టరుగా చేసే ఒకాయన మా దగ్గర టీ తాగుతూ అసలు సంగతి చెప్పాడు. ఆ ఉక్కును ఎర్రగా కాలిస్తే గట్టిదనమంతా పోతుందట. ఎండు మిరపకాయ నల్లబడేంత వేడి చాలట, వంపు వెడల్పుగా, మెల్లగా తిప్పాలట. బావ మొహం మాడిపోయింది. రెండు రోజులు సుత్తి ముట్టలేదు.

మూడో రోజు ఎనుమాముల మార్కెట్ నుంచి గుప్పెడు ఎండు మిరపకాయలు పట్టుకొచ్చాడు. నేను ప్లేటుకు కింద మంట పెట్టాను, ఆయన పైన కాయలు పరిచాడు. ఘాటు లేచింది. ఇద్దరికీ తుమ్ములే తుమ్ములు.

"మేం బతకాల్నా వద్దా?" అని ఎదురు టీ కొట్టాయన కేకలు.

కాయలు నల్లబడగానే మంట ఆపి, లావుపాటి పైపును అచ్చుగా పెట్టి లారీ జాకీతో ఒత్తాం. జాకీ వదలగానే ప్లేటు కొంత వెనక్కి లేచింది.

"నీకంటె మొండిదున్నది బామ్మర్దీ," అని బావ నవ్వాడు.

ఈసారి ఇంకాస్త ఎక్కువే ఒత్తాం. పగులు రాలేదు. వంపు మీద ఆకురాయితో గీస్తే గీత పడకుండా జారిపోయింది, గట్టిదనం పోలేదన్నమాట. ఇద్దరం చిన్నపిల్లల్లా ఎగిరాం.

ఆరు నెలల తర్వాత సేటు మిఠాయి పొట్లంతో వచ్చాడు.

"జర కూడ అరగలే ఉస్తాద్! నువ్వన్నదే నిజం, ముందటిది డూప్లికేటే. గా అమ్మినాయన ఇజ్జత్ బజార్ల తీసిన."

నోరు మెదపొద్దని నేను బావ కాలు తొక్కాను. ఆయన కాలు వెనక్కి లాక్కున్నాడు.

"కాదు సేటూ. రెండూ అసలైనయే. మొదటిది కాల్చి ఖరాబ్ చేసింది నేనే."

సేటు మిఠాయి పొట్లం బావ చేతిలో పెట్టాడు. "ఇంకో నాలుగు ప్లేట్లున్నయ్, అవి గూడ నువ్వే వంచాలె," అన్నాడు.

"వంచుత. ముందుగాల ఆ పెద్దాయన కాడికి పోదాం పా. మాఫీ అడగాలె," అంటూ బావ చెప్పులు తొడుక్కున్నాడు.

ఆయన కాలు తొక్కినందుకు నాకు చచ్చేంత సిగ్గేసింది. షాపు షట్టరు దించి నేనూ వాళ్ల వెనకే నడిచాను.