మీ ఇంట్లో ఏం చేసినావమ్మా?

మొన్న అనంతపురంలో కొత్తగా పెట్టిన పెద్ద అంగడిలో మునగాకు పొడి సీసా కనిపించింది. ధర చూసి మా చెల్లెలు సరళ దాన్ని పసిబిడ్డను పడుకోబెట్టినంత మెల్లగా అరలో పెట్టేసింది. మూత సందులోంచి ఎండుగడ్డి లాంటి వాసన వచ్చింది. దాంతో నాకు పామిడి సంత గుర్తొచ్చింది.

చిన్నప్పుడు వారానికోసారి అమ్మానాయనలతో మేమిద్దరం ఆ సంతకు పోయేవాళ్లం. ఎండుమిరపకాయల ఘాటు, బెల్లం దిమ్మెల మీద ముసిరే ఈగలు, గోనెపట్టాల మీద గుట్టలు పోసిన వంకాయలు, కొర్రలు, చింతపండు, వీటన్నిటి మధ్య నడుస్తూ అమ్మ ఎవరినీ ముందుగా ధర అడిగేది కాదు. "ఈపొద్దు మీ ఇంట్లో ఏం చేసినావమ్మా?" అని అడిగేది. అమ్మేవాళ్లు సరుకు గురించి ఎన్నైనా చెబుతారు గానీ సొంత పొయ్యి మీద ఉడికినదాని గురించి అబద్ధం చెప్పరని, వాళ్లు వండుకున్నదే ఆ వారానికి మంచిదీ చవకైనదీ అని ఆమె నమ్మకం. నాయనకు తలకొట్టేసినట్టయి దూరంగా పోయి బీడీ ముట్టించుకునేవాడు.

ఒక ఏడు వానలు మొహం చాటేసి వేరుశనగ, అదే మా చెనిక్కాయ పంట, పోయింది. ఆ చలికాలంలోనే సరళకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం తగ్గినా తిండి సయించక, గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి కూలబడేది. బలమైన తిండి పడకపోతే పిల్ల కోలుకోదని డాక్టరు చెప్పాడు. ఇంట్లో అందరికీ భయం పట్టుకుంది. సంతలో నాయన యాపిల్ బండి దగ్గర ఆగితే, అమ్మ ఒక పండు తీసుకుని వాసన చూసి మళ్లీ పెట్టేసింది. సరళను చంకనేసుకుని, ఎప్పుడూ కూరగాయలు కొనే ఓబుళమ్మ దగ్గరికి పోయి మామూలుగా అడిగే మాటే అడిగింది.

"ఉలవల్లో మునగాకేసి ఉడకబెట్టినా. మా పెరట్లో ఆకే. ఎవురు కొంటారులే అని తేలేదు" అంది ఓబుళమ్మ. సరళ మొహం చూసి తన సద్దిగిన్నె మూత తీసింది. వెల్లుల్లి తిరగమాత వాసన గుప్పుమంది. సంగటి ముద్ద తుంచి, కూరలో అద్ది నోటికందిస్తే, ఇంట్లో ఏది పెట్టినా తల తిప్పుకునే పిల్ల నోరు తెరిచింది. అమ్మ అక్కడే కూర్చుని ఏడ్చింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఓబుళమ్మ బేరాల వైపు చూడలేదు.

ఆ తర్వాత ప్రతి సంతకూ మాకోసం మునగాకు కట్ట తెచ్చేది. ఉగాదికి సరళ రెండో ఓళిగ అడిగి తిని, వీధిలో కుంటాటకు పరుగెత్తింది.

ఇప్పుడు అమ్మ లేదు. ఓబుళమ్మ కూర్చునే చోట ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. అలా అడిగి కొనే సంత పోయినందుకు నాకు బాధగానే ఉంటుంది. సరళ మాత్రం ఆ అలవాటు వదల్లేదు. మొన్న ఆ పెద్ద అంగడిలో బిల్లు కొట్టే అమ్మాయిని కూడా అడిగింది.

"ఈపొద్దు మీ ఇంట్లో ఏం చేసినారు పాపా?"

"పొద్దున్నే డ్యూటీ కదాంటీ, ఏమీ చెయ్యలేదు."

సరళ మేము కొన్న చెనిక్కాయ ఉండల పొట్లం విప్పి, ఒకటి తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టింది. ఆ అమ్మాయి తలెత్తి పైనున్న కెమెరా వైపు చూసింది.

"ఈడ తినకూడదాంటీ" అని, ఉండను మళ్లీ మా సంచిలోనే వేసింది.