మారోతి బావ సున్నా

మా బావ మారోతి ఏ సంగతైనా గ్రాఫ్ గీసి చూస్తే తప్ప నమ్మడు. ఆ గ్రాఫ్ సున్నా నుంచి మొదలు కాకపోతే ఆయనకు అన్నం సహించదు.

నాందేడ్‌లో ఓ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో ఉద్యోగం. రెండువేల నాలుగు ప్రాంతం. అందరూ రంగురంగుల సాఫ్ట్‌వేర్ల వెంటపడుతుంటే ఆయనకు మాత్రం ఒకటే నోట్స్ ఫైలు, అందులో వట్టి అక్షరాలు. నిలువు గీతలు కొట్టి పట్టిక టైపు చేస్తాడు. కింద ఒక లైను ఆదేశం రాసి మీట నొక్కుతాడు. గ్రాఫ్ తయారు! ప్రింటర్ కిర్రుమంటూ కాగితం తోస్తుంటే, పురుటి గది బయట నిలబడ్డ తండ్రిలా ఊపిరి బిగబట్టుకుంటాడు.

మా అక్క సుమంగళ వండే పప్పుకు కూడా ఆ ఫైల్లో పట్టిక ఉంది. ఒకరోజు ప్రింటు తెచ్చి ఆమె ముందు పరిచాడు.

"సూడు, సోమారం సోమారం ఉప్పు ఎక్కువైతున్నది."

"సోమారం నాడు మీ చెల్లె ఫోన్ చేస్తది గద!" అంది అక్క, గరిటె ఆపకుండా.

బావ నొచ్చుకోలేదు. "అట్లనా!" అని మురిసిపోయి, పట్టికలో ఫోన్లకు ఇంకో వరుస చేర్చాడు.

ఇంకోసారి దారిలో ఓ కోచింగ్ క్లాసు బోర్డు కనబడింది. వాళ్ల ఫలితాల గీత తాటిచెట్టంత, పక్కవాళ్లది జానెడు. చూస్తే గీతలు సున్నా దగ్గర కాక తొంభై శాతం దగ్గర మొదలయ్యాయి. బావ తిన్నగా లోపలికి పోయి, "జీరో కుఠే ఆహే?" అని మరాఠీలో నిలదీశాడు. సున్నా ఎక్కడుందని ఆయన ప్రశ్న. కౌంటర్లో అమ్మాయి జాలిగా కుర్చీ చూపించి, "ఎవరికొచ్చింది కాకా? మీ అబ్బాయికా?" అంది.

ఇలాంటి మనిషి చేతికి మా అమ్మ చిక్కింది.

మా అమ్మ సంగవ్వది కర్ఖేలి అనే పల్లె. జన్మంతా కూలికి పోయి పత్తి ఏరిన మనిషి. పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోతే అక్క ఇంటికి తీసుకొచ్చాం. చేతికి రోజూ కసరత్తు చేయిస్తే నయమవుతుందని డాక్టరు చెప్పాడు. అమ్మ వింటేనా? అక్క ముద్ద కలిపి పెట్టబోతే మొహం తిప్పుకునేది.

"నా చేత్తోని తినని బువ్వ నాకద్దు" అని పస్తులకు దిగింది.

మాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. బావ ఎక్కడినుంచో పాత బీపీ మిషన్ పట్టుకొచ్చాడు. దాని పట్టీని చుట్టగా చుట్టి, కొంచెం గాలి నింపి, అమ్మ గుప్పిట్లో పెట్టాడు.

"పిసుకు అత్తమ్మా. పాదరసం ఎంత లేస్తదో సూద్దాం. నెలకు నీకు గ్రాఫ్ గీసిస్త."

"గ్రాఫ్ అంటే ఏంది బిడ్డా?"

"గీత. నువ్వు లేస్తే అది లేస్తది."

ఆ మాటకు అమ్మ పంతం మళ్లింది. రోజూ పళ్లు బిగించి పిసికింది. అక్క పెట్టే ముద్ద కూడా ముట్టింది. బావ రోజూ ఫైల్లో అంకె ఎక్కించాడు. నెల తిరిగాక కాలేజీలో ప్రింటు తీసి ఇంటికి తెచ్చాడు. గీత నేలకు అతుక్కుని పడుకుంది. పెరిగింది నిజమే గానీ, సున్నా నుంచి చూస్తే కంటికి ఆనేంత లేదు.

"ఏమాయె?" అని మంచం మీంచి అమ్మ అడిగింది.

బావ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ప్రింటర్‌ల రిబ్బన్ ఐపోయింది అత్తమ్మా, రేపు."

మర్నాడు కొత్త కాగితం తెచ్చాడు. గీత మాండవి గుట్ట ఎక్కినట్టు పైకి పోతోంది! అమ్మ ఎడమచేత్తో దాన్ని తడిమి, మళ్లీ తడిమింది. నేను బావను పక్కకు లాగాను.

"బావా, సున్నా ఏది?"

"నెమ్మదిగ మాట్లాడు. అంకెలన్ని నిజమే. కింది నుంచి కొలిస్తే ఆమె ఎన్నడు లేస్తది? చెయ్యి పడిపోయిన కాడికెల్లి మొదలువెట్టిన. ఆమెకు సున్నా అక్కడ్నే ఉన్నది."

ఆ మాట విన్నాక మా బావ అని చెప్పుకోవడానికి నాకెంత గర్వమేసిందో! ఇప్పటికీ ఎవరు దొరికినా ముందు ఈ కథే చెబుతాను.

బావ ఆ కాగితాన్ని గోడకు అతికించాడు, గీత ప్రతి నెలా పెరిగింది. ఓ మధ్యాహ్నం అక్క కంచం పెట్టి నీళ్లకు లేచింది. తిరిగొచ్చేసరికి అమ్మ కుడిచేత్తో అన్నం కలుపుతోంది. సగం మెతుకులు ఒళ్లో పడ్డాయి, సగం నోట్లోకి పోయాయి. మేం ముగ్గురం గోడలకు అతుక్కుపోయి చూస్తున్నాం.

అమ్మ నమిలి, మింగి, గోడమీది గ్రాఫ్ కేసి గడ్డం ఎగరేసింది.

"ఏం సూస్తున్నవ్ మారోతీ? గీత కాయిదం అంచుకొచ్చింది. రేపు నేను యాడికి ఎక్కాలె? పైన ఇంకోటి అతుకు."

బావ పరుగున పోయి జిగురు తెచ్చాడు.