ఎడమవైపు అలయ్ బలయ్

మా ఇంట్లో అలయ్ బలయ్ ఆచారం లేదు. దసరా సాయంత్రం ఊరంతా జమ్మి ఆకు చేతుల్లో పెట్టి, "బంగారం తీస్కో" అంటూ ఒకరినొకరు కావలించుకుంటుంటే, మా వాళ్ళు కుర్చీల్లో నిటారుగా కూర్చుని కాళ్ళు మాత్రం ముందుకు చాపేవారు, వచ్చినవాళ్ళు మొక్కడానికి వీలుగా. తర్వాత భూములు పోయాయి, కుర్చీలూ పోయాయి. నిటారుగా కూర్చోవడం ఒక్కటి మిగిలింది. దాన్ని నేను నల్గొండలో ఒక కిరాయి ఇంటి మేడమీద కాపాడుకుంటూ వచ్చాను.

కింద ఉండే ఇంటి యజమానురాలు ఆర్టీసీలో కండక్టరు. వాళ్ళమ్మ ఒకప్పుడు మా పొలాల్లో కలుపు తీసింది. ఆ సంగతి నేను ఎత్తను, ఆమె ఎత్తకుండా ఉండదు. నన్ను "దొరసాని" అని పిలుస్తుంది, కిరాయి తీసుకునే రోజున మరీ గట్టిగా.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు నాకు ఎడమ రొమ్ములో క్యాన్సర్ తేలింది. హైదరాబాదులో రొమ్ము తీసేసి, అదే ఆపరేషన్‌లో సిలికాన్ ఇంప్లాంట్ పెట్టారు. ఆ తర్వాత రేడియేషన్. వెంట మా అక్క ఒక్కతే ఉంది. ఇరుగుపొరుగుకు కాశీయాత్ర అని చెప్పి, తిరిగొచ్చాక లడ్డూలు కూడా పంచాను.

మొదటి ఏడాది బ్రహ్మాండంగా గడిచింది. నారాయణపేట చీర కడితే రెండు వైపులా సమానం. ఆ వైపు స్పర్శ లేదు, చలికాలంలో ముట్టుకుంటే కుండ అడుగులా చల్లగా తగిలేది, అంతే. ఆ తర్వాత అది గట్టిపడడం మొదలుపెట్టింది. గట్టిపడి ఊరుకోక పైకి జరిగింది. కుడిది వయసుకు తగ్గట్టు దిగుతుంటే ఎడమది మెడ వైపు బయల్దేరింది. మా వంశంలో పైకి పోతున్నది అదొక్కటే.

"శరీరం బయటి వస్తువు చుట్టూ ఒక పొర కట్టుకుంటుంది. రేడియేషన్ తీసుకున్నవాళ్ళలో ఆ పొర బిగుసుకునే అవకాశం ఎక్కువ," అంది డాక్టరమ్మ. "పొర తీసి కొత్త ఇంప్లాంట్ పెట్టొచ్చు, వద్దంటే మొత్తం తీసేయొచ్చు. ఏం చేసినా వెంట ఒక మనిషి ఉండాలి."

ఆ ఆఖరి మాట దగ్గరే నా వైద్యం ఆగిపోయింది. అప్పటికి అక్కను మోకాళ్ళు మంచం దిగనివ్వడం లేదు. ఇంకెవరినైనా అడగాలి. మాకు ఇవ్వడం నేర్పారు, పోగొట్టుకోవడం మేమే నేర్చుకున్నాం, అడగడం మాత్రం రాలేదు. పక్కకు తిరిగి పడుకోలేనంత నొప్పి పెట్టుకుని వాయిదా వేస్తూ పోయాను.

అలాంటి దసరాకు కండక్టరమ్మ జమ్మి ఆకు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. నేను చెయ్యి బారెడు చాపి, "మాకు అలయ్ బలయ్ ఆచారం లేదు" అన్నాను.

"ఆచారం మీది, ఇల్లు నాది," అంటూ గట్టిగా వాటేసుకుంది.

"అమ్మా!" అని అరిచాను. ఆమె అదిరిపడి వదిలేసింది.

"గిదేంది దొరసాని, గింత గట్టిగున్నది! టికెట్ మిషిని గిట్ల రవికెల దాచినవా?"

నేను ఉరిమి చూద్దామనుకున్నాను. నవ్వొచ్చింది. నవ్వితే నొప్పి, ఆ నొప్పికి ఇంకా నవ్వు. గడప పట్టుకుని, కళ్ళనీళ్ళతో, ఉన్నదంతా చెప్పేశాను.

"కాశీ లడ్డూలప్పుడే నాకు అనుమానమొచ్చింది. డబ్బ మీద దిల్‌సుఖ్‌నగర్ అని ఉండె," అంది. "మరి ఆపరేషన్ చేపిచ్చుకోవేంది?"

"వెంట మనిషి కావాలంటున్నరు."

"నేను మనిషిని కాదా?"

నేను కొంగు సర్దుకుని నిటారుగా నిలబడ్డాను.

"అడుగు. అడిగితే లీవు పెట్టి వస్త. అడగకుంటే రాను."

"నా వెంట వస్తవా?" అని గొణిగాను.

"గట్టిగ! బస్సుల వెనక సీటుకు వినబడాలె."

"నా వెంట వస్తవా!" అని కేక పెట్టాను. ఎదురింటి వాళ్ళు కిటికీ తెరిచారు. మా ముత్తాతలు పటాల్లో కళ్ళు మూసుకున్నారేమో, నేను మాత్రం కడుపు పట్టుకుని నవ్వుతున్నాను.

దవాఖానలో నర్సు ఆమెను "పేషెంటుకు ఏమవుతారు?" అని అడిగితే, నేను ముందే "చెల్లె" అన్నాను. "చూసినవా, వయసు కూడ తనే ఎక్కువ పెట్టుకున్నది," అందామె మురిసిపోతూ. ఆపరేషన్ తర్వాత గాయం నుంచి ట్యూబులో వచ్చే రక్తం సీసాలోకి చేరుతుంటే వెలుతురుకు ఎత్తి చూసి, వార్డంతా వినేలా ప్రకటించింది: "దొరసానిది గూడ ఎర్రగనే ఉన్నది!" కుట్లు పట్టుకుని నవ్వలేక చచ్చాను.

కొత్తది కాస్త చిన్నది. స్పర్శ రాలేదు, రాదు. రెండు వైపులూ పూర్తిగా సమానమూ కాదు. మళ్ళీ బిగుసుకోవచ్చని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. కానీ ఇప్పుడు ఎడమవైపు తిరిగి హాయిగా పడుకుంటున్నాను.

మరుసటి దసరాకు ఆమెకు డ్యూటీ పడింది. జమ్మి ఆకు తీసుకుని నేనే బస్టాండుకు నడిచాను. కదలబోతున్న బస్సు మెట్టు మీద ఆమెను, టికెట్ మిషన్‌తో సహా, గట్టిగా వాటేసుకున్నాను. జనం చూస్తున్నారు. ఆమె నన్ను మరోసారి అదిమి చూసింది.

"ఆఁ, మెత్తగైంది," అని లోపలికి తిరిగి అరిచింది. "రైట్, రైట్!"