ఎవరిచ్చారో వాళ్ల నంబరే

మా పిన్నిని నేను అనుమానించాను. ఆ నెల మా వీధిలో ఎవరు ఎవర్ని అనుమానించలేదు గనక?

పిన్నిది లాండ్రీ. ముందు గదిలో ఇస్త్రీ బల్ల, వెనక రెండు మెషిన్లు. నేను కాలేజీ మానేసినప్పటి నుంచి బట్టల మూటలు మోసేది నేనే. బట్ట చేతికి రాగానే ఆవిడ నోటుబుక్కులో రాస్తుంది: ఖాతా నంబరు, బట్ట, మరక, టైము. ఎవరిదైనా సరే, తెచ్చిచ్చినవాళ్ల నంబరే వేస్తుంది. ఒకసారి ఎవరో ఒకాయన తన పెళ్లాం చీర తెచ్చిచ్చి, నేనివ్వలేదని బుకాయించాడట. అప్పటి నుంచీ అదే పద్ధతి.

ఎదురింటి పాపకు ఎనిమిదేళ్లు. ట్యూషన్ మేస్టారు తనపై చేసిన అఘాయిత్యం గురించి అమ్మకు చెప్పడానికి దానికి వారం పట్టింది. అప్పటికి డాక్టరుకు ఏమీ కనపడలేదు. ఆ రోజు వేసుకున్న గౌనును ల్యాబుకు పంపితే అందులోనూ ఏమీ తేలలేదు. శుభ్రంగా ఉతికేసి ఉంది. తల్లే ఉతికి, తల్లే కథ అల్లిందని మేస్టారి లాయరు మొదలుపెట్టాడు. వీధి సగం తలూపింది.

"నేను ఉతకలేదు బాబూ," అంది పాప తల్లి నాతో. "ఆ గౌను కుచ్చులు ఒక్కోటీ విడదీసి ఇస్త్రీ చేసి ఉన్నాయి. నాకంత తీరికెక్కడిది?"

కుచ్చులు అలా విడదీసి చేసేది ఈ చుట్టుపక్కల ఒక్కరే. దుకాణానికి పరుగెత్తాను. నోటుబుక్కు బల్ల మీద లేదు.

"బుక్కేది పిన్నీ?"

"నిండిపోయింది. కొత్తది కొనాలి."

"సగం కూడా నిండలేదు. మేస్టారి చొక్కాలన్నీ నీ దగ్గరికేగా వచ్చేది? ఎవర్ని కాపాడుతున్నావు?"

ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి నా వంక చూసింది. "నన్ను నేనేరా. ఉతికింది నేనే! ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

పాత దుప్పట్ల కింద నుంచి తీసింది. ఆ రోజు తేదీ కింద ఒక లైను: 'పద్నాలుగు. పసుపు గౌను, చిన్నది. మరక, బురద కాదు. ఐదున్నర. గంటలో కావాలి.'

పద్నాలుగు మేస్టారి నంబరు.

"పాప బురదలో పడింది, వాళ్లమ్మ తిడుతుంది అన్నాడు."

"బురద కాదని నువ్వే రాశావు. అడగలేదేం?"

"మేస్టారు కదరా," అంది. అంతే.

మర్నాడు బుక్కు చంకలో పెట్టుకుని తానే స్టేషనుకు నడిచింది. చిన్నపిల్ల కేసని కోర్టులో విచారణ గది తలుపులు మూసేశారు. నేను వరండాలో నిలబడ్డాను. లోపల జరిగింది ఆవిడే చెప్పింది.

"అంటే సాక్ష్యాన్ని నాశనం చేసింది మీరే," అన్నాడట లాయరు.

"నేనే. పాప గౌను మేస్టారు ఎందుకు తెచ్చాడో కూడా అడగండి సార్. నేను అప్పుడు అడగలేదు, మీరైనా అడగండి."

పాప మాట నిలబడింది. దానికి ఆ ఒక్క లైను తోడైంది. మేస్టారికి శిక్ష పడింది. పాప తల్లి మాత్రం ఇప్పటికీ మా దుకాణం ముందు నుంచి తలదించుకుని వెళ్లిపోతుంది. పిన్ని కూడా పిలవదు.

కొత్త బుక్కులో ఒక గడి పెరిగింది. నిన్న ఒకాయన చిన్న నిక్కరు తెచ్చాడు.

"ఎవరిది? ఏమైంది?"

"మా వాడిదేనమ్మా, సిరా ఒలికింది. ఇదేమన్నా పోలీస్ స్టేషనా?"

పిన్ని నిక్కరును వెలుగులోకి పట్టి, తిరగేసి చూసింది. సిరానే. అయినా రాసుకుంది.

"రేపు బాబును కూడా తీసుకురండి," అంది.